ఊళ్ళ పేర్లు మోసిన పుండు

మా వజ్రకరూరు పేరు చెబితే ఎవరికైనా వజ్రాలే గుర్తుకు వస్తాయి. తొలకరి వాన నాలుగు చినుకులు పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో సద్దిమూటలు కట్టుకొని వచ్చి, మా చేలల్లో తలలు వంచుకొని నేలంతా వెతుకుతారు. దొరికేవానికి దొరుకుతుంది, దొరకనివాడు మళ్ళీ వానకు వస్తాడు. ఊరి పేరు ఒక రాయికి అంటుకొంటే ఆ ఊరికి గౌరవమే. అదే ఊరి పేరు ఒక జబ్బుకు అంటుకొంటే? లోకంలో అట్లాంటి ఊళ్ళు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. బల్ఖ్, బగ్దాదు, అలెప్పో, ఢిల్లీ, లాహోరు, ముల్తాను. ఇన్ని మహానగరాల పేర్లూ ఒకే ఒక పుండుకు పెట్టారు. ఆ పుండు చరిత్రను నాకు తెలిసినంత మేరకు వ్రాయాలని ఈ ప్రయత్నం. ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి, తెలుగు వ్రాత అంత అలవాటు లేదు. తప్పులుంటే పాఠకులు మన్నించగలరు.

ఈ సంగతి మీదికి నా మనసు పోవడానికి కారణం మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు. సౌదీ అరేబియాలో అల్ హసా అనే చోట ఖర్జూరపు తోటల్లో రెండేళ్ళు పని చేసి వచ్చాడు. వచ్చేటప్పటికే ఎడమ చెంప మీద ఒక పుండు, ముంజేతి మీద రెండు ఉన్నాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. నడిమధ్య గుంట, చుట్టూ ఎత్తుగా అంచు, పైన ఎండిన పెచ్చు. దగ్గరి పట్నంలో ఒక ఆసుపత్రికి పోతే మలాం ఇచ్చి పంపారు. నాలుగు నెలలు ఆ మలామే పూశాడు, మానలేదు. అప్పటికే పిల్లవానికి ఒక సంబంధం మాట్లాడి ఉన్నారు. ఊళ్ళో గుసగుసలు మొదలైనాయి. ఒకనాటి సాయంత్రం మా ఇంటికి వచ్చి, గడప దగ్గరే నిలబడి అడిగాడు: "చాచా, అందరూ ఇది కుష్టు అంటున్నారు. నేను లోపలికి రావచ్చునా?" ఆ మాట నేను ఇప్పటికీ మరువలేను. లోపలికి పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చాను గాని, అది ఏ జబ్బో చెప్పే తెలివి ఆనాడు నాకు లేదు. తరువాత పెద్దాసుపత్రిలో చర్మవైద్యులు పుండు అంచు నుండి కాస్త గీకి, గాజుపలక మీద రాసి, సూక్ష్మదర్శినిలో చూసి చెప్పారు. అది కుష్టు కాదు, అంటుకొనే గజ్జి కాదు. ఒక చిన్న ఈగ కుట్టడం వల్ల వచ్చే పుండు. దాని పేరు చర్మపు లీష్మేనియాసిస్. ఆ పేరు నోరు తిరగక మా ఇంట్లో వాళ్ళు దాన్ని "సౌదీ పుండు" అన్నారు. నాకు నవ్వు వచ్చింది, బాధ కూడా కలిగింది. ఎందుకంటే వెయ్యి సంవత్సరాలుగా లోకం చేస్తూ వచ్చినదీ ఇదే. జబ్బు కారణం తెలియక, దానికి ఏదో ఒక ఊరి పేరు తగిలించడం.

బల్ఖు నుండి అలెప్పో దాకా

మన యునానీ హకీములు తలమీద పెట్టుకొనే గ్రంథం ఇబ్న్ సీనా వ్రాసిన 'అల్ ఖానూన్'. ఇబ్న్ సీనా 980లో పుట్టి 1037లో చనిపోయాడు. ఆయన తండ్రి బల్ఖు నగరం వాడు. ఆ ఊరు ఇప్పటి అఫ్ఘనిస్తాన్ ఉత్తర భాగంలో ఉంది. ఆ ఊరి పేరుతోనే పిలిచే ఒక మొండి పుండును గురించి ఖానూన్‌లో వ్రాసి ఉంది. అంటే వెయ్యేళ్ళ నాడే వైద్యులు దీన్ని మామూలు కురుపుల నుండి వేరు చేసి చూశారన్న మాట.

ఈ పుండుకు మరొక రకం పేరు కూడా ఉంది. అరబ్బులు దీన్ని 'హబ్బతుస్సనా' అన్నారు. కాబూలు వాళ్ళు 'సాల్‌దానా' అన్నారు. ఈరానులో 'సాలక్' అంటారు. ఉర్దూ చదివినవారికి చెప్పనక్కర లేదు, సాల్ అన్నా సనా అన్నా సంవత్సరం. ఏడాదిపాటు ఉండి పోయే పుండు అని అర్థం. నిజంగానే ఇది చాలా మందికి కొన్ని నెలల నుండి ఒక సంవత్సరం దాకా ఉండి, తనంతట తానే మానిపోతుంది. పోతూ పోతూ మచ్చను మాత్రం వదిలిపోతుంది. జనం పుండును చూసి కాలాన్ని లెక్క పెట్టారు గాని, అది ఎక్కడి నుండి వచ్చిందో లెక్క కట్టలేకపోయారు.

ఒకసారి వచ్చి మానినవారికి సాధారణంగా అదే పుండు మళ్ళీ రాదని కూడా ఆ దేశాల తల్లులు గమనించారు. ఆడపిల్ల ముఖం మీద మచ్చ పడితే పెండ్లికి ఇబ్బంది గదా అని, చిన్నతనంలోనే మరొకరి పుండు రసాన్ని తెచ్చి, బట్ట మాటున ఉండే చోట గీరి అంటించేవారు. మచ్చ ఏదో కనబడని చోట పడితే ముఖం బాగుంటుందని వాళ్ళ ఆలోచన. బడి చదువు లేని తల్లులు చేసిన ఈ పనినే ఇరవయ్యవ శతాబ్దంలో వైద్యులు ప్రయోగశాలలో పెంచిన క్రిములతో చేశారు. 1980లలో ఇరాక్‌తో యుద్ధం జరిగినప్పుడు ఈరాను తన సైనికులు లక్షల మందికి ఈ విధంగా టీకా వేయించింది. ముఖం మీది మచ్చ గురించిన భయం మా ఊరి గుసగుసలతో పుట్టింది కాదు, అది చాలా పాతది.

అలెప్పో నుండి విశాఖపట్నం దాకా

ఐరోపా వాళ్ళకు ఈ పుండును గురించి వివరంగా తెలిపినవాడు అలెగ్జాండర్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు. అలెప్పో నగరంలో, అంటే మన ఉర్దూలో హలబ్‌లో, ఆంగ్ల వర్తకుల కొలువులో వైద్యుడుగా ఉండి, 1756లో ఆ నగర విశేషాలతో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఆ ఊరి జనం ఈ పుండులో మగది, ఆడది అని రెండు రకాలు చెప్పుకొనేవారని కూడా అందులో ఉంది. ఆ రోజుల్లో అందరూ నేరం నీటి మీదనే మోపారు. ఆ నగరపు నీళ్ళు తాగినందువల్లనే పుండు వస్తుందని నమ్మకం.

ఇక్కడ మన తెలుగునాటికి సంబంధించిన ఒక విశేషం ఉంది. అలెగ్జాండర్ తరువాత అలెప్పోలో వైద్యుడుగా ఉన్నది ఆయన తమ్ముడు పాట్రిక్ రస్సెల్. ఈయన 1780ల ఆరంభంలో విశాఖపట్నం వచ్చాడు. మరొక సోదరుడు క్లాడ్ రస్సెల్ అక్కడ కంపెనీ అధికారిగా ఉండేవాడు. 1785లో కంపెనీ వారు పాట్రిక్‌ను తమ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమించారు. కోరమాండల్ తీరపు పాములను గురించి 1796లోనూ, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలను గురించి 1803లోనూ ఆయన పుస్తకాలు వెలువడ్డాయి. మన రక్తపింజరను ఇంగ్లీషు వాళ్ళు ఈనాటికీ రస్సెల్ వైపర్ అంటారు. అది ఈయన పేరే. 'కాటుక రేకుల పొడ' అని దాని తెలుగు పేరును ఆయన తన పుస్తకంలో వ్రాసుకొన్నాడు. 1789లో ఇంగ్లండు తిరిగి వెళ్ళి, 1794లో అన్నగారి అలెప్పో పుస్తకాన్ని పెంచి, దిద్ది, మళ్ళీ అచ్చు వేయించాడు. అంటే అలెప్పో పుండును కండ్లారా చూసిన వైద్యుడు ఎన్నో ఏండ్లు తెలుగువాళ్ళ నడుమ బ్రతికాడు. పాము కాటుకు ఎంత విషం ఉందో కోళ్ళ మీద, కుక్కల మీద పరీక్షించి చూసినవాడు. పామును పట్టి చూశాడు గాని, గోడ పగులులో ఉండే ఈగను ఆయన కాలంలో ఎవరూ అనుమానించలేదు. పెద్ద కాటును అందరూ చూస్తారు, చిన్న కాటును ఎవరు చూస్తారు?

ఢిల్లీ కురుపు

1857 తిరుగుబాటు తరువాత ఢిల్లీలో మకాం పెట్టిన ఆంగ్ల సైనికులకు ఈ పుండు బాగా వచ్చింది. అప్పటి నుండి దానికి 'ఢిల్లీ కురుపు' అని పేరు. పంజాబులో ఉన్నవాళ్ళు లాహోరు పుండు అన్నారు, ముల్తాను పుండు అన్నారు. ఇక్కడా మళ్ళీ బావుల నీళ్ళ మీదనే నింద పడింది. 1877లో లూయిస్, కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు వైద్యులు సర్కారు తరపున ఈ పుండు మీద ఒక నివేదిక వ్రాశారు. వీరిలో డేవిడ్ డగ్లస్ కన్నింగ్‌హామ్ 1885లో కలకత్తాలో ఢిల్లీ కురుపు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, అందులో ఏవో చిన్న చిన్న గుండ్రని రూపాలు ఉన్నాయని బొమ్మలతో సహా వ్రాశాడు. దొంగ కనిపించాడు గాని, వాడు ఎవడో ఆయనకు సరిగా గుర్తు పట్టడానికి వీలు కాలేదు.

1898లో తాష్కెంటులో బొరోవ్‌స్కీ అనే రష్యా సైనిక వైద్యుడు అవి ఏకకణ జీవులని సరిగానే గుర్తించి, తన భాషలో ఒక పత్రికలో ప్రకటించాడు. రష్యన్ భాష రాని మిగతా లోకానికి ఆ సంగతి చాలా కాలం తెలియలేదు. భాష అడ్డమైతే నిజం కూడా ఇంట్లోనే ఉండిపోతుంది. 1903లో అమెరికాలోని బోస్టనులో జేమ్స్ హోమర్ రైట్ అనే వైద్యుడు ఆర్మీనియా నుండి వచ్చిన ఒక చిన్న పిల్ల చెంప మీది పుండులో వాటిని చూసి, స్పష్టంగా వర్ణించి, లోకానికి చెప్పాడు.

మద్రాసు, సికిందరాబాదు

అదే 1903వ సంవత్సరంలో మరో పెద్ద సంగతి మన దక్షిణాదిలో జరిగింది. ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డోనవన్ అనే వైద్యుడు పని చేసేవాడు. కలకత్తాలో పుట్టిన ఐరిష్ కుటుంబం వాడు. జ్వరంతో ప్లీహం ఉబ్బిన రోగుల నుండి సూదితో తీసిన చుక్కలో చిన్న గుండ్రని క్రిములను చూశాడు. అంతకు కొంచెం ముందే ఇంగ్లండులో విలియం లీష్మన్ కూడా, బెంగాలులోని డమ్ డమ్ నుండి జబ్బుతో తిరిగి వెళ్ళి చనిపోయిన ఒక సైనికుని ప్లీహంలో అట్లాంటివే చూసినట్లు ప్రకటించాడు. ఇద్దరి పేర్లూ కలిపి ఆ క్రిమికి 'లీష్మేనియా డోనవని' అని నామకరణం చేసినది ఎవరో కాదు, రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రాస్ ఆయనే.

ఈ లీష్మేనియా డోనవని కలిగించే జబ్బు కాలా అజార్. అది లోపలి అవయవాలను తినే జబ్బు, చికిత్స చేయకుంటే ప్రాణం తీస్తుంది. ఢిల్లీ కురుపులో ఉన్నది దాని దాయాది. దానికి 'లీష్మేనియా ట్రాపికా' అని పేరు స్థిరపడింది. ఒకటి ప్రాణానికి ముప్పు, రెండోది ముఖానికి ముప్పు. ఒకే వంశం, గుణాలు వేరు.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఈ క్రిమి ఒక మనిషి నుండి మరొక మనిషికి ఎట్లా పోతుంది?

చప్పుడు చేయని ఈగ

నల్లి అన్నారు, పేను అన్నారు, దోమ అన్నారు. 1910 ప్రాంతంలో వెన్యన్ అనే శాస్త్రజ్ఞుడు బగ్దాదు, అలెప్పో నగరాలలో పుండును, ఈగలను పరిశీలించి ఇసుక ఈగ మీద అనుమానం బలంగా వెలిబుచ్చాడు. 1921లో అల్జీరియాలో సెర్జెంట్ సోదరులు, వారి మిత్రులు ఎడారి అంచున ఉన్న బిస్క్రా అనే ఊరి నుండి ఇసుక ఈగలను పట్టి తెప్పించి, నూరి, ఒక మనిషి చర్మం మీద చిన్న గీట్లు పెట్టి రుద్దారు. ఆ చోటనే పుండు లేచింది. ఈగ కడుపులో క్రిమి ఉందని రుజువైంది. కాని కుట్టితేనే వస్తుందని ఇంకా రుజువు కాలేదు.

ఆ రుజువుకు మరో ఇరవై ఏండ్లు పట్టింది. ఈగకు క్రిమి ఉన్న రక్తం తాగించినా, అది రెండోసారి కుట్టేలోపల చనిపోయేది, లేదా క్రిములు తగినంతగా పెరిగేవి కావు. ఈ చిక్కు విడిపోయింది కిస్మిస్‌తో అంటే నమ్ముతారా? ఆడ ఇసుక ఈగ గుడ్ల కోసం రక్తం తాగుతుంది గాని, దాని రోజువారీ తిండి తీపి రసాలు. స్మిత్, హల్దార్, అహ్మద్ అనే పరిశోధకులు రక్తం తాగిన ఈగలకు తరువాత మళ్ళీ రక్తం పెట్టకుండా, కిస్మిస్ పళ్ళు తినిపించి చూశారు. ఈగలు బ్రతికాయి, లోపల క్రిములు విపరీతంగా పెరిగాయి. ఈ కిటుకు మీదనే 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు, ముందుకు వచ్చిన మనుషులను ఈగలతో కుట్టించి, కాలా అజార్ ఇసుక ఈగ కాటు వల్లనే వస్తుందని తేల్చారు. చర్మపు పుండు సంగతిని అంతకు ఒక సంవత్సరం ముందే, 1941లో, జెరూసలేంలో ఆడ్లర్, బెర్ అనేవారు అదే రకంగా కాటుతో రుజువు చేశారు. ఇబ్న్ సీనా నాటి నుండి లెక్కపెడితే తొమ్మిది వందల ఏండ్లు. అంత కాలం నీళ్ళ మీద, ఊళ్ళ మీద పడిన నింద ఆనాటికి తీరింది.

ఆ ఈగ ఎట్లాంటిది? రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. దోమలో మూడో వంతు అనుకోండి. ఒళ్ళంతా సన్నని నూగు, ఇసుక రంగు. కూర్చున్నప్పుడు రెక్కలను పైకి ఎత్తి, విప్పిన పుస్తకం మాదిరి పెట్టుకొంటుంది. ఎక్కువ ఎత్తు ఎగరదు, దూరం పోదు. గోడ మీద గెంతుకుంటూ పోతుంది. దోమలాగా చెవి దగ్గర పాట పాడదు. ఇటలీ వాళ్ళు దీనికి పెట్టిన పేరు 'పాపటాచి', అంటే చప్పుడు చేయకుండా తినేది. 1786లోనే స్కోపోలి అనే శాస్త్రజ్ఞుడు ఆ మాటనే దాని శాస్త్రీయ నామంలో పెట్టాడు. పగలు చీకటి మూలల్లో దాక్కొని, పొద్దు గూకినాక బయటికి వస్తుంది. కుట్టేది ఆడ ఈగ మాత్రమే.

మరొక ముఖ్య విషయం. ఇది దోమ మాదిరి నీళ్ళలో గుడ్లు పెట్టదు. మట్టి గోడల పగుళ్ళు, పశువుల కొట్టంలో పేడ కలిసిన తేమ మట్టి, ఎలుక కన్నాలు, రాళ్ళ సందులు దాని పుట్టిళ్ళు. కరువు నేల గదా, నీళ్ళు లేవు గదా, మాకేమి భయం అనుకొనేవారు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. ఎండిన సీమ దోమకు గిట్టకపోవచ్చు, ఇసుక ఈగకు గిట్టదని ఎవరూ అనుకోకూడదు.

జాతులు వేరు, పనులు వేరు

లోకంలో ఇసుక ఈగలు వందల జాతులు ఉన్నాయి. లీష్మేనియాను మోసేవి వాటిలో తొంభై పైచిలుకు మాత్రమే. ఏ ఈగ ఏ క్రిమిని మోస్తుందన్నది తెలుసుకొంటే జబ్బు గుట్టు తెలుస్తుంది.

'ఫ్లెబోటోమస్ పాపటాసి' అనేది ఎడారి అంచుల ఈగ. ఇది మోసేది 'లీష్మేనియా మేజర్'. ఆ క్రిమికి అసలు ఇల్లు ఎడారి ఎలుకలు. ఎలుక కన్నంలో ఉన్న ఈగ ఎలుకను కుట్టి, దారిన పోయే మనిషిని కుడుతుంది. పుండు తడిగా, పెద్దగా ఉండి కొన్ని నెలల్లో మానుతుంది. మా పిల్లవాడు పని చేసిన అల్ హసా ఈ రకానికి పేరు పడిన చోటు. రెండోది 'ఫ్లెబోటోమస్ సెర్జెంటి'. ఇది నగరాల ఈగ. ఇది మోసే 'లీష్మేనియా ట్రాపికా' ఎలుకతో పని లేకుండా మనిషి నుండి ఈగకు, ఈగ నుండి మనిషికి పోతుంది. పుండు పొడిగా ఉండి ఏడాది, అంతకు మించి కూడా ఉంటుంది. కాబూలులో, అలెప్పోలో ఇదే ఎక్కువ. అలెప్పో జనం పూర్వం చెప్పిన రెండు రకాలూ వట్టి మాట కాదని దీన్ని బట్టి అనిపిస్తుంది.

మూడోది 'ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్', వెండి కాళ్ళ ఈగ. మన దేశంలో బీహారు, బెంగాలులలో కాలా అజార్‌ను మోసేది ఇదే. సింహళంలో అదే లీష్మేనియా డోనవని వంశపు క్రిమి లోపలి అవయవాల జోలికి పోకుండా చర్మం మీద పుండ్లు వేయడం కనిపిస్తుంది. అక్కడా మోసేది ఈ ఈగనే. మన దేశంలో చర్మపు రకం చాలా కాలంగా ఉన్నది రాజస్థానులోని బికనేరు ప్రాంతంలో. తరువాత హిమాచల్ ప్రదేశ్‌లోని సట్లెజ్ లోయలోనూ, కేరళ కొండల గిరిజనులలోనూ కూడా కనుగొన్నారు.

క్రిమి ప్రయాణం కూడా చిత్రమే. మనిషి చర్మంలో అది గుండ్రంగా, తోక లేకుండా, మన తెల్ల రక్తకణాలలోనే కాపురం ఉంటుంది. కాపలావాని ఇంట్లోనే దొంగ ఉన్నట్లు. ఈగ రక్తం తాగితే దాని కడుపులోకి పోయి, పొడుగు సాగి, తోక మొలిచి, ఈదుతూ వృద్ధి చెందుతుంది. వారం పది రోజుల్లో ఈగ గొంతు దాకా వచ్చి అడ్డం పడుతుంది. గొంతు అడ్డుకొన్న ఈగ మరొకరిని కుట్టినప్పుడు మింగలేక కక్కుతుంది. ఆ కక్కుతో క్రిమి కొత్త మనిషిలో దిగుతుంది. పుండు లేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటికి ఈగ కుట్టిన సంగతి ఎవరికి గుర్తు ఉంటుంది? అందుకే ఇన్ని వందల ఏండ్లు ఈగ తప్పించుకొని తిరిగింది.

మన తెలుగునాట

మన దగ్గర ఈ పుండు స్థిరంగా నాటుకొన్న చోట్లు లేవు గాని, ఇసుక ఈగ మాత్రం మనకు పరాయిది కాదు. అది 2003లో బాగా తెలిసి వచ్చింది. ఆ సంవత్సరం జూన్ నుండి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా ఇప్పుడు తెలంగాణలో ఉన్న కరీంనగర్, వరంగల్ వైపు, పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, మూర్ఛలు, స్పృహ తప్పడం మొదలైంది. 329 మంది పిల్లలకు జబ్బు వస్తే 183 మంది చనిపోయారు. చాలామంది పిల్లలు ఆసుపత్రికి చేరిన ఒక్క దినంలోనే పోయారు. పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వారు పరీక్షించి, ఇది చాందీపురా వైరస్ అని తేల్చారు. 1965లో నాగపూరు దగ్గర చాందీపురా అనే ఊరిలో మొదట దొరికింది కాబట్టి దానికి ఆ పేరు. చూశారా, మళ్ళీ ఒక ఊరి పేరే! తరువాత కరీంనగర్ జిల్లాలో పట్టిన 'సెర్జెంటోమియా' జాతి ఇసుక ఈగలలో ఆ వైరస్ కనిపించింది. అది పుండు కాదు, వేరే జబ్బు. కాని మోసినవారు అదే కుటుంబం వారు. 2024లో గుజరాతులో మళ్ళీ అదే వైరస్ పిల్లలను తీసుకుపోయింది.

ఇంకో సంగతి కూడా చరిత్ర చెబుతుంది. 1953లో మొదలైన మలేరియా పథకం కింద ఇళ్ళలో డీడీటీ కొట్టినప్పుడు, దోమలతో పాటు ఇసుక ఈగలూ చచ్చాయి. ఎవరూ కాలా అజార్ కోసం కొట్టకపోయినా అది దాదాపు మాయమైంది. డీడీటీ ఆపిన తరువాత 1977లో బీహారులో అది మళ్ళీ విజృంభించింది. ఈగ పోలేదు, దాక్కొన్నది, అంతే.

పుండు కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా ఆరు నుండి పది లక్షల మందికి కొత్తగా చర్మపు లీష్మేనియాసిస్ వస్తున్నది. 2011లో సిరియాలో యుద్ధం మొదలైన తరువాత, ఇళ్ళు కూలి, చెత్త ఎత్తేవాడు లేక, మందు చల్లేవాడు లేక, అలెప్పో పుండు మళ్ళీ వేలమందికి వచ్చింది. గుడారాలలో తలదాచుకొన్న పిల్లల చెంపల మీద రస్సెల్ చూసిన పుండే కనిపించింది. యుద్ధం చేసేవాళ్ళు ఈగను లెక్కలో పెట్టుకోరు.

మనం తెలుసుకోవలసినది

మన రాయలసీమ నుండి గల్ఫుకు పోయేవాళ్ళు తక్కువ కాదు. కడప, రాయచోటి, కదిరి వైపు ఎన్నో ఇళ్ళు ఆ సంపాదన మీదనే నిలబడినాయి. అట్లా పోయినవారు ఇది తెలుసుకోవాలి. తోటల్లో, గుడారాల్లో, బయట పడుకొనేటప్పుడు ఒళ్ళు కప్పుకోవాలి. దోమతెర కట్టుకోవాలి. మామూలు తెర కండ్లలో నుండి ఈ ఈగ దూరగలదు కాబట్టి, మందు పట్టించిన సన్న కండ్ల తెర కావాలి. ఇక్కడ ఉన్నవారు గోడ పగుళ్ళు పూడ్చుకోవాలి, పశువుల కొట్టం పడుకొనే చోటికి దూరంగా, పొడిగా ఉంచుకోవాలి.

నెల దాటినా మానని, నొప్పి లేని పుండు ఉంటే ఆ ఊళ్ళు తిరిగి వచ్చిన సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. మా పిల్లవాడు మొదటి ఆసుపత్రిలో అది చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. చెప్పి ఉంటే నాలుగు నెలలు కలిసి వచ్చేవి. పరీక్ష చాలా చిన్నది, పుండు అంచు నుండి గీకిన చుక్క. మందులు ఉన్నాయి. 1920లలో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ అనే మందును కనిపెట్టి కాలా అజార్ రోగులు ఎందరినో బ్రతికించాడు. ఆ ఆంటిమొనీ జాతి మందులనే చర్మపు పుండుకు కూడా, చాలా మందికి పుండు చుట్టూ సూదితో, ఇస్తారు. వేడితో, చలితో చేసే చికిత్సలు కూడా ఉన్నాయి. ఏది తగునో వైద్యులు చెప్పాలి. ఆకు పసర్లు, కాల్చి వాతలు పెట్టడం మాత్రం వద్దు. మచ్చ పెద్దది కావడానికి అవే కారణం అవుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. ఈ పుండు కలిసి తింటే రాదు, చేయి పట్టుకొంటే రాదు, ఒకే ఇంట్లో ఉంటే రాదు. కుష్టు అయినా సరే, మందు మొదలు పెట్టిన తరువాత అంటదు, పూర్తిగా నయమవుతుంది. ఏ జబ్బు వచ్చినవారినీ గడప బయట నిలబెట్టే హక్కు మనకు లేదు.

మా పిల్లవానికి సూదులు వేయించిన తరువాత మూడు నెలలకు పుండ్లు మానినాయి. పెద్దాసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితాన్ని అతని తండ్రి జేబులో పెట్టుకొని సంబంధం వాళ్ళ ఇంటికి పోయినాడు. అప్పటికే వాళ్ళు వేరే చోట ఖాయం చేసుకొన్నారు. వాళ్ళు మర్యాదగానే మాట్లాడి, టీ ఇచ్చి పంపినారట. వాళ్ళను నేను తప్పు పట్టను. తెలియక చేసినారు. తెలియజేయవలసిన మాలాంటి పంతుళ్ళు కూడా ఆనాడు తెలుసుకొని లేము. ఆ పిల్లవాడు ఇప్పుడు గుంతకల్లులో పని చేసుకొంటున్నాడు. చెంప మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. ఎవరైనా అడిగితే నవ్వి, "ఈగ కుట్టింది" అంటాడు. వెయ్యేళ్ళు వెతికితే దొరికిన జవాబు అదే. ఊరిది కాదు, నీళ్ళది కాదు, ఆ మనిషిది అసలే కాదు తప్పు. ఈ నాలుగు మాటలు చదివినవారు ఇంకో నలుగురికి చెబితే నా ఈ వ్రాత సార్థకమైనట్లే.